గుండెను కనిపెట్టుకుని ఉండే తొడుగు

పెద్ద గుండెపోటు తరవాత కొందరికి గుండె పంపింగ్ బాగా తగ్గిపోతుంది. ఎడమ జఠరిక తనలో నిండిన రక్తంలో 35 శాతానికి మించి బయటికి నెట్టలేని స్థితిలో, గుండె లయ ఉన్నట్టుండి తప్పి ప్రాణం పోయే ముప్పు ఎక్కువ. అయినా ఛాతీలో శాశ్వతంగా డీఫిబ్రిలేటర్ (షాక్‌తో గుండె లయను సరిచేసే పరికరం) అమర్చడానికి వైద్యులు సాధారణంగా కనీసం 40 రోజులు ఆగుతారు. ఈలోగా గుండె కొంత కోలుకోవచ్చు. ఆ మధ్యకాలంలో కాపలాకే ఒంటిమీద తొడుక్కునే డీఫిబ్రిలేటర్. వీటిలో బాగా తెలిసిన లైఫ్‌వెస్ట్‌కు అమెరికాలో 2001లో ఆమోదం లభించింది.

తొడుగులోని పట్టీకి ఉన్న నాలుగు పొడి ఎలక్ట్రోడ్లు చర్మాన్ని ఆనుకుని, రెండు దిక్కుల నుంచి ఎడతెగకుండా ఈసీజీ తీస్తుంటాయి. యంత్రం మొదట చూసేది వేగం. హద్దులు వైద్యుడే నిర్ణయిస్తాడు. మామూలుగా నిమిషానికి 150 దాటితే వెంట్రిక్యులర్ టాకికార్డియా (జఠరికలు అతివేగంగా కొట్టుకోవడం), 200 దాటితే ఫిబ్రిలేషన్ (జఠరికలు లయ లేకుండా వణకడం) అని అనుమానిస్తుంది. కానీ మెట్లెక్కినా, జ్వరమొచ్చినా గుండె వేగం పెరుగుతుంది. అందుకే ముందుగా నమోదు చేసి ఉంచిన ఆ రోగి మామూలు ఈసీజీతో ఇప్పటి అలల ఆకారాన్ని పోల్చుతుంది. స్పందన జఠరికల్లోనే పుడితే అల రూపు మారిపోతుంది. ఫిబ్రిలేషన్‌లో అయితే అలకు ఒక రూపమంటూ ఉండదు. పట్టీ వదులైనా, ఎలక్ట్రోడ్ రాసుకున్నా గీతలు చెదురుతాయి కాబట్టి ఆ తేడాలు కొన్ని సెకన్లపాటు నిలిచి ఉన్నాయా అన్నదీ చూస్తుంది.

అప్పటికీ వెంటనే షాక్ ఇవ్వదు. ముందు ఒంటికి తగిలేలా కంపిస్తుంది, తరవాత సైరన్ మోగుతుంది. రోగి స్పృహలో ఉంటే చేతికందే రెండు బటన్లను నొక్కిపట్టుకోవాలి, షాక్ ఆగుతుంది. ఈ పరికరం మొత్తంలో అతి తెలివైన ఏర్పాటు ఇదే. ఎంత మంచి లెక్కయినా పొరబడవచ్చు, కానీ బటన్లు పట్టుకోగలిగిన మనిషి మెదడుకు రక్తం అందుతున్నట్టే. స్పృహ తప్పితే వేళ్లు వదిలేస్తాయి. అప్పుడు రోగిని ముట్టుకోవద్దని చుట్టుపక్కలవారిని గొంతుతో హెచ్చరించి, షాక్ ప్యాడ్ల కింద జెల్ విడుదల చేసి, 150 జౌళ్ల వరకు షాక్ ఇస్తుంది. లయ కుదుటపడకపోతే మొత్తం ఐదుసార్ల దాకా ప్రయత్నిస్తుంది. ఫిబ్రిలేషన్‌ను గుర్తించిన దగ్గర నుంచి తొలి షాక్ దాకా సాధారణంగా నిమిషం లోపే. షాక్ అందడం ఆలస్యమైన ప్రతి నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది కనుక ఈ తొందర తప్పనిసరి.

గుండె మరీ నెమ్మదించినా, పూర్తిగా ఆగినా ఇది పేస్‌మేకర్‌లా నడిపించలేదు. స్నానానికి విప్పినంతసేపు కాపలా ఉండదు. 2018లో వెలువడిన వెస్ట్ అనే అధ్యయనంలో 2,302 మంది పాల్గొన్నారు. లయ తప్పి సంభవించిన మరణాలు తొడుగు ఇచ్చినవారిలో 1.6 శాతం, ఇవ్వనివారిలో 2.4 శాతం, గణాంకశాస్త్రం ప్రకారం ఆ తేడా రుజువుకు చాలలేదు. అయితే తొడుగు ఇచ్చినవారిలో మరణించిన 48 మందిలో, ఆ సమయానికి దాన్ని ధరించి ఉన్నది 12 మందే.