పాత స్టీరియో యాంప్లిఫయరు - దాని మీటల మర్మము

మా మేనమామగారు జెద్దాలో ఉద్యోగం చేస్తూ 1979లో ఒక జపాను స్టీరియో యాంప్లిఫయరు కొన్నారు. ఆయన హైదరాబాదుకు తిరిగివచ్చిన తరువాత అది చాలాకాలం ఇంటిల్లిపాదికీ పాటలు వినిపించి, క్యాసెట్ల కాలం గడిచిన పిమ్మట అటక ఎక్కింది. గత సంవత్సరం దానిని దించి, దుమ్ము దులిపి కరెంటు ఇవ్వగా దీపం వెలిగింది గాని శబ్దం రాలేదు. మరమ్మతు దుకాణంలో చూపగా, లోపలి ట్రాన్సిస్టర్లు పోయినవనీ, మార్చుటకు కొన్ని వేల రూపాయలు కావలెననీ చెప్పారు. నిజానికి అందులో ఏ భాగమూ పోలేదు. అదెట్లో తెలియవలెనంటే ఆ పెట్టె మీటలను, వెనుకనున్న సాకెట్లను ఒకసారి పరిచయం చేసుకోవలసి ఉన్నది. ఇట్టి పెట్టెలు నేటికీ మన ఇండ్లలోను, పాత సామాను అంగళ్ళలోను కనబడుతూనే ఉన్నవి.

పరిచయం వెనుకభాగం నుండే ఆరంభించవలెను. విదేశాలకు పంపిన జపాను యాంప్లిఫయర్లలో అనేకమునకు వెనుక వోల్టేజిని ఎంచుకొనే చిన్న మీట ఉండేది. ఆ రోజులలో జెద్దాలో చాలా ఇండ్లకు వచ్చే విద్యుత్తు 127 వోల్టులు, మనకు 230. మీటను 120 గుర్తు వద్దనే ఉంచి మన సాకెట్టులో ప్లగ్గు పెట్టినచో ఫ్యూజు కాలిపోతుంది. అదృష్టం బాగుండనిచో ట్రాన్స్‌ఫార్మరే మాడిపోతుంది. మామయ్యగారు ఇల్లు చేరిన రోజే స్క్రూడ్రైవరుతో ఆ మీట మార్చారట. వస్తువు ఏ దేశం నుండి వచ్చిందో తెలియనప్పుడు మొదట చూడవలసినది ఇదే.

ఆ ప్రక్కన జంటజంటలుగా సాకెట్లు గలవు. పైది ఎడమ చెవికి, క్రిందిది కుడి చెవికి అనుకొనవచ్చును. వీటిలో 'ఫోనో' అన్న జంట మిగిలిన వాటివంటిది కాదు. అది రికార్డు ప్లేయరుకు మాత్రమే ప్రత్యేకింపబడినది. రికార్డు గాడిలో ముల్లు కదిలినప్పుడు ఒక చిన్న అయస్కాంతం తీగచుట్టల నడుమ ఊగి విద్యుత్తును పుట్టిస్తుంది. అది కేవలం నాలుగైదు మిల్లీవోల్టులు. 'ట్యూనర్', 'ఆక్స్' సాకెట్లు ఆశించేది సుమారు 150 మిల్లీవోల్టులు. కాబట్టి ఫోనో మార్గంలో అదనంగా ఒక చిన్న యాంప్లిఫయరును అమర్చారు.

అది చేసే పని పెంచుట ఒక్కటే కాదు. మంద్రస్వరాలను ఉన్నవి ఉన్నట్లుగా చెక్కితే గాడి అటూ ఇటూ విపరీతంగా ఊగి, రికార్డుపై చోటు చాలదు. అందుచేత చెక్కేటప్పుడు వాటిని తగ్గిస్తారు. తారస్వరాలను మాత్రం, రికార్డు ఉపరితలపు బుసలో మునిగిపోకుండా, హెచ్చిస్తారు. ఎంత తగ్గించవలెనో, ఎంత హెచ్చించవలెనో నిర్ణయించిన ప్రమాణం 1954లో అమెరికా రికార్డు పరిశ్రమల సంఘం స్వీకరించినది. 1,000 హెర్ట్‌జులతో పోల్చినచో 20 హెర్ట్‌జుల వద్ద తగ్గింపు సుమారు 20 డెసిబెల్లు, అనగా వోల్టేజిలో పదింట తొమ్మిది వంతులు. ఫోనో మార్గం ఈ లెక్కనే తిరగవేసి పాటను యథాస్థితికి తెస్తుంది. రికార్డు ప్లేయరును 'ఆక్స్'లో పెట్టినవారికి దోమ పాడినట్లు పల్చని పాట వినిపించుటకు కారణం ఇదే. సీడీ ప్లేయరును 'ఫోనో'లో పెట్టినవారికి మాత్రం చెవులు చిల్లులు పడే బొంగురు మోత వినబడుతుంది. అది పంపేది దాదాపు 2 వోల్టులు మరి. నేటి మొబైల్ ఫోను మొదలైనవాటికి 'ఆక్స్' చక్కగా సరిపోతుంది. ఫోనో ప్రక్కనున్న చిన్న మరకు రికార్డు ప్లేయరు భూతీగ కట్టనిచో గుయ్యిమని రొద వస్తుంది.

ఇక మా ఇంటి మౌనం సంగతి. ముందుభాగంలో 'టేప్ మానిటర్' అన్న బొత్తాము ఒకటి ఉన్నది. ఆనాటి మేలురకపు టేప్ రికార్డర్లు, రికార్డు చేస్తుండగానే టేపుమీద పడిన ధ్వనిని వెంటనే చదివి వినిపించగలిగేవి. ఈ బొత్తాము నొక్కినచో యాంప్లిఫయరు పాటను టేప్ రికార్డరుకు పంపి, అక్కడినుండి తిరిగివచ్చినదానినే స్పీకర్లకు అందిస్తుంది. రికార్డరే లేనిచోట తిరిగివచ్చేది ఏమున్నది? అటకమీద ఏ సామానో తగిలి ఆ బొత్తాము లోనికి పోయింది. నొక్కి వదలగానే పాట వచ్చింది. దుకాణదారుకు ఈ సంగతి తెలియదో, తెలిసీ చెప్పలేదో నిర్ణయించుట నా వల్ల కాదు.

స్పీకర్ల విషయంలో మాత్రం పొరపాటు నిజంగానే ట్రాన్సిస్టర్లను బలిగొంటుంది. 'ఎ', 'బి' అని రెండు జతలు తగిలించుకొనే వీలు ఉన్నది గదా అని రెండూ ఒకేసారి మ్రోగించరాదు. చాలా యాంప్లిఫయర్లలో అవి సమాంతరంగా కలుస్తాయి. 8 ఓముల స్పీకర్లు రెండు అట్లు కలిస్తే యాంప్లిఫయరుకు 4 ఓములుగా కనబడి, విద్యుత్ ప్రవాహం రెట్టింపవుతుంది. పెట్టె వెనుక వ్రాసిన కనీసపు ఓములకంటె తగ్గనీయకూడదు. తీగల కొసలు ఒకదానినొకటి తాకినా అంతే ప్రమాదం.

'బాస్', 'ట్రెబుల్' సంగతి అందరికీ తెలిసినదే. 'లౌడ్‌నెస్' మీటనే అపార్థం చేసుకుంటారు. అది శబ్దాన్ని హెచ్చించుటకు కాదు. ధ్వని తగ్గినకొద్దీ మన చెవికి మంద్రస్వరాలు మరింతగా వినబడకుండా పోతాయని ఫ్లెచర్, మన్సన్ అను శాస్త్రజ్ఞులు 1933లో ప్రయోగపూర్వకంగా చూపారు. రాత్రివేళ మెల్లగా వినేటప్పుడు ఆ లోటు పూరించుటకే ఈ మీట. పెద్దగా పెట్టి వినేవారు దీనిని మూసి ఉంచుటే మేలు.

'మోనో' మీటను నిరర్థకమని తలచేవారు కలరు. పాత మోనో రికార్డులలో పాట ముల్లును ప్రక్కలకు మాత్రమే కదిలిస్తుంది. దుమ్ము, గీతలు పైకీ క్రిందికీ కూడా ఎగరవేస్తాయి. ఆ నిలువు కదలికవల్ల రెండు మార్గాలలో పుట్టే సంకేతాలు పరస్పర విరుద్ధమైనవి. రెంటినీ కలిపినచో పాట నిలిచి, చిటపటలలో చాలాభాగం రద్దవుతుంది. మామయ్యగారి పెట్టెలోని 1960ల నాటి సినిమా పాటల చిన్న రికార్డు ఒకటి, పనికిరాదని ప్రక్కన పెట్టినది, ఈ మీట వేసిన తరువాత రెండు ప్రక్కలా చివరివరకు వినగలిగాము.