విందు ఘనంగా... లెక్క పక్కాగా!

జగిత్యాల, సిరిసిల్ల, కామారెడ్డి ఊళ్లలో పెళ్లి కుదిరిందంటే ముందు మోగేది గల్ఫ్‌లో ఉన్న కొడుకు ఫోనే. ‘వెయ్యి మందికి వండాలె బిడ్డా, నలుగురిలో మాట పడొద్దు’ అంటాడు బాపు. మనం ‘సరే’ అని పైసలు పంపుతాం. ఆ వెయ్యి ఎట్లా వచ్చిందో మాత్రం అడగం.

సైట్లో డ్రాయింగ్ చూడకుండా కాంక్రీట్ తెప్పించం కదా! పొడవు, వెడల్పు, మందం కొలిచి క్యూబిక్ మీటర్లు లెక్క కట్టాకే ఫోన్ చేస్తాం. తమ్ముడి రిసెప్షన్ విందుకూ అదే పద్ధతి. డిప్లొమా చదివినవాళ్లే కట్టాల్సిన లెక్కేం కాదిది, ఎవరైనా కట్టొచ్చు.

ముందు తలలు లెక్కపెట్టండి

కార్డులు ఎన్ని పంచారన్నది ఒక్కటే చూస్తే లాభం లేదు. ఎవరిని ఎట్లా పిలిచారన్నది చూడాలి. ఉదాహరణకు, ఇంటిల్లిపాదినీ పిలిచిన ఇళ్లు 40, ఇంటికి నలుగురు చొప్పున 160 మంది. ఇంటికొక్కరిని పిలిచినవి 110 ఇళ్లు, 110 మంది. బయటి ఊళ్ల చుట్టాలకు 60 కార్డులు, ముగ్గురి చొప్పున 180. పిల్ల తరఫున ఒక బస్సు, 50 మంది. మొత్తం 500. చిన్నపిల్లలుంటే ఇద్దరిని ఒకరిగా లెక్కేయండి. శాకాహారులు ఎంతమందో విడిగా రాసుకోండి.

వెయ్యి అన్న నోటితోనే బాపు 500 అని ఒప్పుకోడు. అందుకే ‘తగ్గించు’ అనకండి. పెద్దాయన మనసు కష్టపడుతుంది. ‘ఎవరెవర్ని పిలిచినమో ఒక్కసారి చెప్పు బాపూ, రాసుకుంటా’ అనండి. పేర్లు చెప్తూ చెప్తూ ఆయనే లెక్కకు వస్తాడు.

500 మందికి ఎంత?

బగారా అన్నానికి మనిషికి 120 గ్రాముల బియ్యం, అంటే 60 కిలోలు. తెల్లన్నానికి 40 గ్రాముల చొప్పున 20 కిలోలు. మటన్, చికెన్ రెండూ పెడితే మటన్ 100 గ్రాముల చొప్పున 50 కిలోలు, చికెన్ 150 గ్రాముల చొప్పున 75 కిలోలు. పప్పుచారుకు 10 కిలోల పప్పు. పెరుగు 50 లీటర్లు. స్వీటు మనిషికొకటి, పైన పదో వంతు. ప్లేట్లు, గ్లాసులు కూడా అంతే. ఇది ఎత్తు లెక్క. మీ ఊరి తిండి అలవాటు వంట మాస్టర్‌కే తెలుసు గనుక ఆయన్ను అడిగి ఖాయం చేసుకోండి.

తాగే నీళ్లు మనిషికి లీటరు చొప్పున 20 లీటర్ల క్యాన్లు 25. ఎండాకాలమైతే లీటరున్నర, అంటే 38 క్యాన్లు. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ పది గ్లాసులకు వస్తుంది. 50 బాటిళ్లు చాలు. మూత తీయనివి వాపసు తీసుకుంటాడా అని దుకాణంలో ముందే మాట్లాడుకోవాలి. మందు పోయించేటట్లయితే దాని బడ్జెట్ విడిగా పెట్టండి. ఆ కూర్చున్నవాళ్లు భోజనానికి ఆఖరున వస్తారు. వాళ్లకు ముక్క మిగలకపోతే మాట పడేది ఇంటాయనే.

ఆఖరి బండి ఆపి పెట్టండి

స్లాబ్ పోసేటప్పుడు రెడీమిక్స్ బండ్లన్నీ ఒకేసారి పిలవం. చివర్లో మిగిలిన జాగా కొలిచి, ఎంత కావాలో అంతే చెప్తాం. వంటకూ ఇదే కిటుకు. మటన్ ఉడకడానికి టైం పడుతుంది కాబట్టి మొత్తం ఒకేసారి వండాలి. బగారా బియ్యం మాత్రం ముందు 42 కిలోలు ఎసట్లో వేయండి. మిగతా 18 కిలోలు బస్తాలోనే ఉండనివ్వండి. చికెన్ 15 కిలోలు ఫోన్ చేశాకే కొట్టమని దుకాణంవాడికి చెప్పండి. సగానికి పైగా జనం తిన్నాక, ఇంకా ఎంతమంది ఉన్నారో చూసి రెండో దఫా వండించండి. వండని బియ్యం రేపటికీ పనికొస్తుంది. వండిన అన్నం వేడికి పాడై పెంటకుప్పకు పోతుంది.

బఫే అయితే కూరల దగ్గర మన మనిషినొకర్ని నిలబెట్టి వడ్డించండి. అడిగినవాళ్లకు రెండోసారి సంతోషంగా వేయండి. మొదటిసారే గుట్టగా పోస్తే సగం ప్లేట్లోనే మిగిలిపోతుంది. మిగిలేలా ఉంటే దగ్గర్లోని ఆశ్రమానికి అన్నం వేడిగా ఉన్నప్పుడే కబురు చేయండి. అర్ధరాత్రి దాకా బయట పెట్టిన కూర ఎవరికీ పంచొద్దు, వాంతులు విరేచనాలు పట్టుకుంటాయి.

మిగిలేది ఎవరి చెమట?

500 మంది వచ్చే చోట 800 మందికి వండితే మటనే 30 కిలోలు ఎక్కువ. కిలో 800 రూపాయలు అనుకుంటే 24 వేలు. ఇక్కడ మనలో చాలామందికి అది ఇంచుమించు నెల జీతం. రెండు రూపాయల వడ్డీకి తెచ్చి ఉంటే నెలకు 480 రూపాయల మిత్తి కూడా. చికెన్, బియ్యం, నూనె ఇంకా లెక్కలోకి రాలేదు.

చుట్టం కడుపు నిండా తిని పోవాలి, అందులో పిసినారితనం వద్దు. కానీ తమ్ముడి పెళ్లి అప్పు తీర్చడానికి ఇంకో రెండేళ్లు వీసా పొడిగించుకున్న అన్నలు మన రూముల్లో ఎందరో ఉన్నారు. పైసలు పంపే ముందు ఒక శుక్రవారం కాగితం, పెన్ను తీసుకుని ఇంటికి ఫోన్ చేయండి. ఆ ఒక్క గంట లెక్కతో మీరు ఇంటికి వెళ్లే రోజు కొంచెం దగ్గరవుతుంది.