గీజర్ ఆన్‌లో ఉన్నా చివరి బాత్రూంకు వేడినీళ్లు ఎందుకు లేటు?

చలికాలంలో ఫజర్ వేళ చాలా ఇళ్లలో ఇదే ఇబ్బంది. గీజర్‌లో నీళ్లు కాగి ఉంటాయి. కానీ ఇంటి చివర ఉన్న బాత్రూంలో నల్లా తిప్పితే చాలాసేపు చల్లనీళ్లే వస్తాయి. కీళ్లనొప్పులున్న దాదీ, నానా లాంటి పెద్దవాళ్లు నీళ్లు వృథా చేయడం ఇష్టంలేక ఆ చల్లనీళ్లతోనే వజూ చేసేస్తారు. గీజర్ పాడైందేమోనని ఇంట్లోవాళ్లు అనుకుంటారు. చాలాసార్లు సమస్య గీజర్‌లో కాదు, మధ్యలో ఉన్న పైపులో ఉంటుంది.

పైపులో నిలిచి చల్లారిన నీళ్లన్నీ బయటికి వచ్చాకే వెనక నుంచి వేడినీళ్లు వస్తాయి. మన ఇళ్లలో వాడే ముప్పావు అంగుళం సీపీవీసీ పైపు మీటరుకు దాదాపు పావు లీటరు నీళ్లు పడతాయి. గీజర్ నుంచి నల్లాకు 15 మీటర్లుంటే దాదాపు 4 లీటర్లు. నిమిషానికి 4 లీటర్లు వచ్చే నల్లా అయితే కనీసం ఒక నిమిషం ఆగాలి. పైపు కూడా కొంత వేడిని పీల్చుకుంటుంది కాబట్టి ఇంకాస్త ఎక్కువే పడుతుంది. రోజుకు ఐదుసార్లు ఇలా వదిలేస్తే నెలకు 600 లీటర్లు. నల్లా కట్టేశాక పైపులో మిగిలిన వేడినీళ్లు కూడా చల్లారిపోతాయి. అలా నెలకు సుమారు 20 యూనిట్ల కరెంటు పోతుంది.

గీజర్ వేడి పెంచితే నీళ్లు త్వరగా రావు. పైగా 60 డిగ్రీల నీళ్లు కొన్ని సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. పిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంట్లో ఇది ప్రమాదం. పెద్ద పైపు వేసినా లాభం లేదు. ఒక అంగుళం పైపులో ఇంకా ఎక్కువ నీళ్లు నిలుస్తాయి కాబట్టి ఆలస్యం పెరుగుతుంది.

మరి ఏం చేయాలి? ఖర్చు లేని పని: మొదట వచ్చే చల్లనీళ్లను బకెట్లో పట్టి బట్టలకో మొక్కలకో వాడాలి. ఒకరి తర్వాత ఒకరు వెంటవెంటనే వాడుకుంటే పైపు చల్లారదు. బయటికి కనిపించే పైపుకు ఏసీ పైపులకు వేసే నల్ల ఫోమ్ తొడుగు వేస్తే వేడి కాసేపు నిలుస్తుంది. అయితే రాత్రంతా ఆగిన నీళ్లకు, అంటే ఫజర్‌కు, ఇది పెద్దగా పనిచేయదు.

అందుకు సరైన మందు, పెద్దవాళ్లు వాడే బాత్రూంలోనే 3 లీటర్ల చిన్న గీజర్. 3 కిలోవాట్ల మోడల్ సుమారు 13 ఆంప్స్ లాగుతుంది. మామూలు 6 ఆంప్స్ సాకెట్‌కు పెట్టకూడదు. 16 ఆంప్స్ సాకెట్, విడిగా వైరు, ఎర్తింగ్ తప్పనిసరి. డాబా మీద సోలార్ హీటర్ ఉండి, రెండు మూడు అంతస్తులు కిందికి నీళ్లు రావాల్సిన ఇళ్లకూ ఇది పనికొస్తుంది. రిటర్న్ పైపు, చిన్న పంపు పెట్టి నీళ్లను తిప్పే పద్ధతీ ఉంది. కానీ గోడలు పగలగొట్టాలి, టైమర్ లేకపోతే కరెంటు వృథా. కొత్త ఇల్లు కట్టేవాళ్లు ప్లాన్ దశలోనే బాత్రూంలు, వంటగది దగ్గరదగ్గరగా పెట్టించుకుంటే ఈ తిప్పలుండవు.

ప్లంబర్‌ను పిలిచే ముందు ఒక పరీక్ష చేయండి. పొద్దున్నే మొదటిసారి నల్లా తిప్పి, వేడినీళ్లు వచ్చేదాకా ఎన్ని లీటర్లు పడ్డాయో కొలవండి. రెండు లీటర్లలోపు అయితే బకెట్ సరిపోతుంది. ఐదారు లీటర్లు దాటితే ఆ బాత్రూంకు విడిగా గీజర్ గురించి ఆలోచించాల్సిందే.