కారులో హ్యాండ్‌బ్రేక్ బదులు బటన్: పవర్ పోయినా పట్టు ఉంటుందా?

ఫోన్‌లో ఏదైనా ఫీచర్ మొరాయిస్తే రీస్టార్ట్ చేస్తాం. వాలులో ఆపిన కారుకి పార్కింగ్ బ్రేక్ మొరాయిస్తే ఆ ఛాన్స్ ఉండదు. ఎలక్ట్రిక్ పార్కింగ్ బ్రేక్‌ని పాత కారులో పెట్టించుకోవాలి అనుకునేవాళ్లు ముందు చూడాల్సింది బటన్ ఎంత బాగుందని కాదు, బ్యాటరీ పూర్తిగా డెడ్ అయినా బండి కదలకుండా ఉంటుందా అని.

ఈ టాపిక్ మీద ఇంత లోతుగా వెళ్లడానికి కారణం పోచంపాడ్‌లో ఉండే మా ఫ్రెండ్. పసుపు రైతు. ఒక యాక్సిడెంట్ తర్వాత ఎడమ చేతిలో పట్టు బాగా తగ్గింది. తనకి సరిపోయేట్టు మార్పించుకుంటున్న పాత చిన్న కారులో ఏఎంటీ గేర్‌బాక్స్ ఉంది కాబట్టి క్లచ్ గొడవ లేదు, గేర్ లివర్ అరచేత్తో నెట్టగలడు. హ్యాండ్‌బ్రేక్ మాత్రం గుంజలేడు. "బటన్ పెడితే అయిపోతది గదా అన్నా, ఆర్మూర్ పోవాలన్నా నిజామాబాద్ మార్కెట్‌కి పోవాలన్నా పక్కన ఒక మనిషి లేకుంట పోతా" అన్నాడు. మనకి బటన్ అంటే స్టైల్. అతనికి అది ఒంటరిగా బయటికి వెళ్లగలగడం.

పైగా మన ఏఎంటీ కార్లలో చాలావాటికి మామూలు ఆటోమేటిక్‌లో ఉండే 'పీ' పొజిషన్ ఉండదు. గేర్‌లో ఉంచి ఇంజిన్ ఆపితే కొంత పట్టు ఉంటుంది గానీ, అసలు భారం పార్కింగ్ బ్రేక్ మీదే.

కంపెనీ కార్లలో ఇది ఎలా పనిచేస్తుంది?

ఇది కొత్త టెక్నాలజీ ఏమీ కాదు. 2001 లో వచ్చిన బీఎండబ్ల్యూ 7 సిరీస్‌లోనే ఉంది. మన దగ్గర 2020 హ్యుందాయ్ క్రెటా, 2022 టాటా నెక్సాన్ ఈవీ మ్యాక్స్ లాంటి వాటితో మధ్యతరగతి బడ్జెట్ దాకా దిగింది. పెనుకొండ ప్లాంట్‌లో తయారయ్యే కియా సెల్టోస్‌కి 2023 ఫేస్‌లిఫ్ట్‌లో వచ్చింది.

వీటిలో ఎక్కువ వాడేది కాలిపర్ మీద మోటార్ ఉండే రకం. బటన్ నొక్కగానే వెనక చక్రాల దగ్గర ఉన్న చిన్న మోటార్లు గేర్ల ద్వారా ఒక స్క్రూని తిప్పుతాయి. ఆ స్క్రూ పిస్టన్‌ని నెట్టి ప్యాడ్లని డిస్క్‌కి బిగిస్తుంది. తర్వాత కరెంట్ ఆగిపోతుంది, బిగింపు మాత్రం అలాగే ఉంటుంది. మన బండి జాకీనే చూడండి. స్క్రూ తిప్పితే కారు లేస్తుంది, చెయ్యి వదిలేస్తే స్క్రూ వెనక్కి తిరగదు. ఇక్కడా అదే సూత్రం. కార్ల బ్రేకుల మీద ఉన్న ఐక్యరాజ్యసమితి రెగ్యులేషన్ 13-హెచ్ కూడా పార్కింగ్ బ్రేక్‌ని పట్టి ఉంచేది పూర్తిగా మెకానికల్ లాక్ అయి ఉండాలంటుంది. కరెంట్ ఉన్నంతసేపే పట్టుకునే మోటార్‌ని పార్కింగ్ బ్రేక్ అనలేం.

ఎంత బలం కావాలి?

అదే రెగ్యులేషన్ ప్రకారం పూర్తి లోడ్‌తో ఉన్న కారుని 20 శాతం వాలులో, అంటే 5 మీటర్లు ముందుకి పోతే 1 మీటర్ ఎత్తు పెరిగే చోట, పార్కింగ్ బ్రేక్ ఒక్కటే ఆపి ఉంచాలి. మనుషులతో కలిపి 1200 కిలోల కారు అనుకుందాం. ఆ వాలులో దాన్ని కిందికి లాగే బలం సుమారు 235 కిలోల బరువుతో సమానం. రెండు వెనక చక్రాలు పంచుకుంటే ఒక్కో టైరు దగ్గర దాదాపు 118. బ్రేక్ డ్రమ్ సైజు టైరులో సుమారు మూడో వంతే కాబట్టి డ్రమ్ అంచు దగ్గర అది మూడు రెట్లు, 350 కిలోల పైమాటే అవుతుంది. డోర్ లాక్ మోటారో వైపర్ మోటారో తెచ్చి కేబుల్‌కి కట్టేద్దాం అనే జుగాడ్ ఐడియాలు ఇక్కడే ఆగిపోవాలి.

పాత కారుకి రెండు దారులు

మొదటిది, వెనక డ్రమ్ములు తీసేసి మోటార్ కాలిపర్లు పెట్టడం. దీనికి డిస్కులు, హబ్‌లు, బ్రాకెట్లు అన్నీ మారాలి. వెనక బ్రేక్ బలం మారితే ముందు-వెనక బ్యాలెన్స్ కూడా చెడుతుంది. కేవలం పార్కింగ్ కోసం అసలు బ్రేకులనే కెలకడం అవుతుంది.

రెండోది కేబుల్ పుల్లర్. ఉన్న డ్రమ్ములు, ఉన్న హ్యాండ్‌బ్రేక్ కేబుల్ అలాగే ఉంటాయి. చేత్తో లాగే బదులు స్క్రూ ఉన్న మోటార్ యూనిట్ కేబుల్‌ని గుంజుతుంది. విదేశాల్లో కస్టమ్ కార్ల వాళ్లు వాడే కిట్లలో ఈ రకం బాగా పాపులర్. మా ఫ్రెండ్ కారుకి నేను సపోర్ట్ చేసేది దీన్నే. ఒక్క కండిషన్: పాత లివర్ తీసెయ్యకూడదు. రెండూ ఒకే కేబుల్‌ని విడివిడిగా లాగగలిగేలా అమర్చాలి.

లివర్ ఎందుకంటారా? నడుస్తుండగా కాలి బ్రేక్ ఫెయిలైతే లివర్‌ని కొద్దికొద్దిగా లాగి బండి ఆపొచ్చు. కంపెనీ ఈపీబీ ఉన్న కార్లలో నడుస్తుండగా బటన్ పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ రంగంలోకి దిగి చక్రాలు లాక్ అవ్వకుండా కారుని ఆపుతుంది. బయట పెట్టించిన మోటార్‌కి ఆ తెలివి ఉండదు. అది ఒకేసారి పూర్తిగా బిగిస్తే వెనక చక్రాలు లాక్ అయ్యి, 44వ నంబర్ హైవే మీద స్పీడ్‌లో ఉన్న బండి అడ్డం తిరుగుతుంది.

వైరింగ్‌లో చూడాల్సినవి

* మోటార్ ఎప్పుడు ఆగాలో కంట్రోలర్‌కి తెలియాలి. కేబుల్ బిగుసుకున్నకొద్దీ మోటార్ లాగే కరెంట్ పెరుగుతుంది, నిర్ణీత స్థాయి దాటగానే కట్ అవ్వాలి. టైమర్‌తో ఆపే సర్క్యూట్ వద్దు. బ్యాటరీ వీక్‌గా ఉన్న రోజు టైమ్ అయిపోతుంది గానీ బ్రేక్ సగమే పడుతుంది.
* బ్రేక్ రిలీజ్ అవ్వాలంటే ఇగ్నిషన్ ఆన్‌లో ఉండాలి, కాలు బ్రేక్ పెడల్ మీద ఉండాలి. లేకపోతే కారులో ఆడుకునే పిల్లల చేతికి ఆ బటన్ ఇచ్చినట్టే.
* బండి కదులుతున్నప్పుడు బటన్ పనిచేయకూడదు. దీనికి స్పీడ్ సిగ్నల్ కావాలి.
* బ్యాటరీ దగ్గరే విడిగా ఫ్యూజ్, కిట్ తయారీదారు చెప్పిన సైజు వైరు. హారన్ వైరు నుంచి ట్యాపింగ్ తీసుకోవద్దు.
* బ్యాటరీ పోయినప్పుడు చేత్తో రిలీజ్ చేసే ఏర్పాటు. లేకపోతే బండిని టోయింగ్ కూడా చేయలేరు.

టెస్ట్ ఎలా చేయాలి?

చదునైన చోట "పట్టింది" అంటే లెక్కలోకి రాదు. శ్రీరాంసాగర్ కట్ట లాంటి ఎత్తు మీదికి ఎక్కే దారుల్లో ఖాళీగా ఉన్న వాలు చూసుకోండి. చక్రాల వెనక కొంచెం గ్యాప్‌తో చెక్క దిమ్మెలు పెట్టండి, బండి కింది వైపు ఎవరూ నిలబడొద్దు. ఫుల్ లోడ్‌తో, న్యూట్రల్‌లో, బటన్ నొక్కి బ్యాటరీ టెర్మినల్ తీసెయ్యండి. రాత్రంతా ఉంచి పొద్దున చూడండి. ఒక్క అంగుళం జరిగినా ఫెయిల్. తర్వాత బండిని తిప్పి ముందు వైపు కిందికి ఉండేలా మళ్లీ చేయండి. డిస్క్ బ్రేకులైతే వేడిగా ఉన్నప్పుడు కూడా టెస్ట్ తప్పనిసరి. వేడి మీద బిగించిన ప్యాడ్లు, డిస్కు చల్లారి కుంచించుకుంటే పట్టు వదులవుతుంది. అందుకే చాలా కంపెనీ సిస్టమ్స్ కాసేపటికి తమంతట తామే మళ్లీ బిగిస్తాయి.

చట్టం సంగతి

మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ప్రకారం, ఆర్‌సీలో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఇదే స్పష్టం చేసింది. అనుమతి లేని మార్పుకి సెక్షన్ 182ఏ కింద ఒక్కో మార్పుకి 5000 రూపాయల జరిమానా, లేదా 6 నెలల దాకా జైలు, లేదా రెండూ పడొచ్చు. ఆర్‌సీలో బ్రేక్ గురించి ఎక్కడుంది అని వాదించొచ్చు గానీ, బ్రేక్ అనేది ఆ మోడల్‌కి వచ్చిన ఆమోదంలో భాగం.

అయితే వైకల్యం ఉన్నవాళ్ల కోసం మార్చిన బండికి ఇదే చట్టంలో 'అడాప్టెడ్ వెహికల్' అని విడిగా చోటుంది. మా ఫ్రెండ్‌కి నేను చెప్పింది అదే: కిట్ ఆర్డర్ పెట్టకముందే డాక్టర్ సర్టిఫికెట్, కిట్ వివరాలు పట్టుకుని రవాణా శాఖ ఆఫీసుకి వెళ్లు, ఇన్సూరెన్స్ కంపెనీకి కూడా రాతపూర్వకంగా చెప్పు.

నా వెర్డిక్ట్

కన్సోల్ నీట్‌గా కనిపించాలి, రీల్స్‌లో బాగుంటుంది అనే కారణాలతో అయితే ఈ మోడ్ స్కిప్ చేయండి. ఫీచర్ నచ్చితే, తర్వాతి కారు కొన్నప్పుడు ఈపీబీ ఉన్న వేరియంట్ తీసుకోండి. లివర్ లాగలేని చెయ్యి ఉన్నవాళ్లకి మాత్రం అనుమతితో, లివర్ ఉంచుకుని, కేబుల్ పుల్లర్ పెట్టించడం నిజంగా పనికొచ్చే మార్పు. మెకానిక్ కిట్ చూపించగానే ధర అడిగే ముందు "వైరు పీకేస్తే పట్టు ఉంటదా?" అని అడగండి. నోటితో కాదు, వాలులో పెట్టి జవాబు చూపించే మెకానిక్‌కే పని ఇవ్వండి.