యూనిట్ 8: చిన్న నౌకల అన్వేషణ పర్యాటకం – పాపికొండల లాంచీ యాత్ర

8.0 లక్ష్యాలు

ఈ యూనిట్‌ను అధ్యయనం చేసిన తరువాత మీరు:
• ఫియోర్డ్‌కు, నదీ గండికి గల పోలికలను, తేడాలను వివరించగలుగుతారు.
• ఇరుకైన గండిలో నది వేగం ఎందుకు పెరుగుతుందో లెక్కతో చూపగలుగుతారు.
• జల పర్యాటకంలో భద్రత ఏయే అంశాలపై ఆధారపడుతుందో విశ్లేషించగలుగుతారు.
• పర్యాటకం, వన్యప్రాణులు, గిరిజనుల జీవనం, పోలవరం జలాశయం – వీటి మధ్య గల సంబంధాన్ని చర్చించగలుగుతారు.

8.1 పరిచయం

వేలమందిని ఎక్కించుకుని రేవు నుంచి రేవుకు సాగే పెద్ద విహార నౌకల గురించి కిందటి యూనిట్‌లో చదివారు. వాటికి భిన్నమైన మరో పద్ధతి ఉంది. వంద, రెండు వందల మందిని మాత్రమే ఎక్కించుకుని, పెద్ద నౌకలు పోలేని ఇరుకు జలమార్గాలలోకి వెళ్లి, అక్కడి కొండలను, మంచును, జంతువులను దగ్గరగా చూపించే పద్ధతి ఇది. దీనినే అన్వేషణ నౌకాయాత్ర అంటారు. స్వీడన్‌లో పుట్టిన లార్స్ ఎరిక్ లిండ్‌బ్లాడ్ 1966లో సాధారణ యాత్రికులను అంటార్కిటికాకు తీసుకువెళ్లాడు. 1969లో ఇందుకోసమే ‘లిండ్‌బ్లాడ్ ఎక్స్‌ప్లోరర్’ అనే చిన్న నౌకను కట్టించాడు. నేడు నార్వే, గ్రీన్‌లాండ్, అలాస్కా, చిలీ తీరాలలో ఈ యాత్రలు పెద్ద వ్యాపారంగా ఎదిగాయి.

మన విద్యార్థులలో చాలామందికి నార్వే దూరం. కాని ఈ పర్యాటకంలోని ముఖ్య ప్రశ్నలన్నీ మన గోదావరి మీదే ఎదురవుతాయి. పాపికొండల లాంచీ యాత్ర అందుకు చక్కని ఉదాహరణ. ‘అందాల రాముడు’ (1973), ‘గోదావరి’ (2006) చలనచిత్రాల ద్వారా ఈ ప్రయాణం తెలుగువారందరికీ పరిచయమే. ఆ అందం వెనుక ఉన్న భూగోళం, జలశాస్త్రం, సమాజం ఈ యూనిట్‌లో మన అధ్యయన విషయాలు.

8.2 ఫియోర్డ్, గండి: పోలికలు, తేడాలు

హిమానీనదం, అంటే కదిలే మంచు ప్రవాహం, వేల సంవత్సరాలపాటు కొండల మధ్య లోయను దొలుస్తుంది. ఆ లోయ అడుగు వెడల్పుగా, అంచులు నిటారుగా, ఆంగ్ల అక్షరం ‘యు’ ఆకారంలో ఉంటుంది. మంచు కరిగి సముద్ర మట్టం పెరిగినప్పుడు ఉప్పునీరు లోపలికి వచ్చి ఆ లోయను నింపుతుంది. అదే ఫియోర్డ్. నార్వేలోని సోగ్నెఫియోర్డ్ 200 కిలోమీటర్లకు పైగా లోపలికి చొచ్చుకుపోయింది. దాని లోతు కొన్నిచోట్ల 1,300 మీటర్లు. గైరాంగర్, నేరోయ్ ఫియోర్డ్‌లను యునెస్కో 2005లో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది.

గండిని చేసేది మంచు కాదు, పారే నీరు. నీటి కోత వలన ఏర్పడిన లోయ సాధారణంగా ‘వి’ ఆకారంలో ఉంటుంది. గండికోట పేరులో ఉన్న గండి ఈ మాటే. నాసిక్ సమీపంలోని త్ర్యంబకేశ్వరం వద్ద పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించే గోదావరి, సముద్రాన్ని చేరే ముందు తూర్పు కనుమలను కోసుకుంటూ వస్తుంది. ఆ కోతలో ఏర్పడినవే పాపికొండల మధ్య మలుపులు. ఇక్కడి కొండలలో ఖోండలైట్, చార్నొకైట్ అనే గట్టి రూపాంతర శిలలు ఉన్నాయి.

ముఖ్యమైన తేడా మరొకటి గుర్తుంచుకోండి. ఫియోర్డ్‌లో నీరు దాదాపు నిలిచి ఉంటుంది, పోటు పాటులకు మాత్రమే కదులుతుంది. గండిలో నీరు పరుగెత్తుతుంది. పైకి చూడడానికి రెండూ ఒకలాగే ఉన్నా, నౌక నడిపేవారికి ఇవి రెండు వేర్వేరు లోకాలు.

8.3 లాంచీ మార్గం – నేపథ్యం

యాత్రికులు రాజమహేంద్రవరం, పట్టిసీమ, పోలవరం, గండి పోచమ్మ గుడి రేవుల నుంచి ఎగువకు బయలుదేరేవారు. భద్రాచలం వైపు నుంచి వచ్చేవారు పోచవరం రేవులో లాంచీ ఎక్కుతారు. దారిలో దేవీపట్నం, కొల్లూరు వెదురు గుడిసెలు, పేరంటాలపల్లిలోని మునివాటం, శివాలయం ముఖ్యమైన మజిలీలు. ఇంకా ఎగువన కూనవరం వద్ద శబరి నది గోదావరిలో కలుస్తుంది.

ఈ మార్గం పర్యాటకుల కోసం పుట్టినది కాదు. సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టినప్పుడు, లాకుల ద్వారా పడవలు నది నుంచి కాలువలలోకి దిగే ఏర్పాటు కూడా చేశారు. గోదావరిని మధ్య భారతం దాకా జలరహదారిగా మార్చాలని కాటన్ ఆశించాడు. అయితే ఎగువన రాతి అడ్డంకులు ఉన్నాయి. వాటిలో మొదటిదైన దుమ్ముగూడెం వద్ద ఆనకట్ట, లాకు నిర్మించారు. ఖర్చు పెరగడం, రైలు మార్గాలు విస్తరించడంతో 1870ల ఆరంభంలో ఆ పథకాన్ని వదిలివేశారు. ఆ తరువాత కూడా చాలాకాలంపాటు, రోడ్డు లేని ఏటిగట్టు గ్రామాలకు లాంచీయే బస్సు. సంతకు పోవాలన్నా, ఆసుపత్రికి పోవాలన్నా అదే దారి.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 1
1. ఫియోర్డ్ ఏర్పడే విధానాన్ని మూడు వాక్యాలలో రాయండి.
2. ఎగువ గోదావరి నౌకాయాన పథకం ఆగిపోవడానికి కారణాలేవి?

8.4 గండిలో నది వేగం: ఒక చిన్న లెక్క

ఒక సెకనులో ఒక చోటు దాటి పోయే నీటి పరిమాణం, ఆ చోట నది అడ్డుకోత వైశాల్యాన్ని వేగంతో గుణిస్తే వస్తుంది. వచ్చే నీరు మారకుండా నది ఇరుకైతే, లోతు గాని, వేగం గాని, రెండూ గాని పెరగక తప్పదు.

రాజమహేంద్రవరం వద్ద గోదావరిని దాటే వంతెనల పొడవు రెండున్నర కిలోమీటర్లకు మించి ఉంది. పాపికొండల మధ్య అదే నది కొన్ని వందల మీటర్లకు కుంచించుకుపోతుంది. ఇప్పుడు లెక్క కోసం ఊహించిన కొలతలు తీసుకుందాం. 5 లక్షల క్యూసెక్కుల వరద అంటే సెకనుకు సుమారు 14,000 ఘనపు మీటర్ల నీరు.

• నది వెడల్పు 1,500 మీటర్లు, సగటు లోతు 10 మీటర్లు అయితే వైశాల్యం 15,000 చదరపు మీటర్లు. వేగం సెకనుకు 0.93 మీటరు, అంటే గంటకు సుమారు 3.4 కిలోమీటర్లు. మనిషి నెమ్మదిగా నడిచే వేగం.
• వెడల్పు 300 మీటర్లు, లోతు 20 మీటర్లు అయితే వైశాల్యం 6,000 చదరపు మీటర్లు. వేగం సెకనుకు 2.33 మీటర్లు, అంటే గంటకు సుమారు 8.4 కిలోమీటర్లు.

నిశ్చలమైన నీటిలో గంటకు 12 కిలోమీటర్లు పోగల లాంచీ, ఈ గండిలో ఎగువకు 3.6 కిలోమీటర్ల వేగంతో మాత్రమే ఎక్కగలదు. దిగువకు 20.4 కిలోమీటర్ల వేగంతో కొట్టుకువస్తుంది. మలుపు దగ్గర లాంచీని తిప్పడానికి సరంగుకు దొరికే సమయం ఆ మేరకు తగ్గిపోతుంది. చుక్కాని పని చేసేది తన చుట్టూ ఉన్న నీటికి, లాంచీకి గల వేగ భేదం మీదనే గాని, ఒడ్డుతో పోల్చిన వేగం మీద కాదు. అందుచేత దిగువకు వస్తూ ఇంజను తగ్గిస్తే చుక్కాని పట్టు సడలుతుంది. మలుపుల వద్ద వేగమైన పాయ బయటి ఒడ్డును ఒరుసుకుంటూ పోతుంది. ఒడ్డు నుంచి ముందుకు పొడుచుకువచ్చిన రాతి వెనుక నీరు వెనక్కి తిరిగి సుడిగుండాలు కడుతుంది. సగటు లెక్కలో ఇవి కనిపించవు. అనుభవం గల సరంగుకు కనిపిస్తాయి.

గోదావరికి జూలై నుంచి సెప్టెంబరు వరకు వరద కాలం. 1986 ఆగస్టులో ధవళేశ్వరం వద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు ప్రవహించింది. అంటే మన లెక్కలోని వరదకు ఏడు రెట్లు. యాత్రకు అనువైన కాలం వరదలు తగ్గిన తరువాత, కార్తీకం నుంచి మొదలవుతుంది. ఈ నదిపై యాత్రాకాలాన్ని నిర్ణయించవలసింది సెలవుల పట్టిక కాదు, నీటిమట్టం.

8.5 భద్రత: రెండు ప్రమాదాలు నేర్పే పాఠం

2007 నవంబరు 23న అంటార్కిటికా సమీపంలో ‘ఎక్స్‌ప్లోరర్’ నౌక మంచును ఢీకొని మునిగిపోయింది. అది 1969లో లిండ్‌బ్లాడ్ కట్టించిన నౌకే. అందులోని 154 మందీ ప్రాణాలతో బయటపడ్డారు. వారు ప్రాణరక్షక పడవలలోకి దిగి, గడ్డకట్టించే చలిలో గంటల తరబడి వేచి ఉన్నారు. రేడియో పిలుపు అందుకున్న మరో యాత్రానౌక వచ్చి వారిని ఎక్కించుకుంది.

2019 సెప్టెంబరు 15, ఆదివారం. గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ఉంది. పాపికొండలకు బయలుదేరిన పర్యాటక బోటు దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద మునిగిపోయింది. అందులో 77 మంది ఉండగా 26 మంది మాత్రమే బతికారు. వారిలో అనేకమందిని కాపాడింది సమీప గ్రామాల గిరిజనులు, తమ చిన్న పడవలతో. చాలా లోతున చిక్కుకున్న బోటును కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న బయటకు తీసింది. అంతకు ముందు ఏడాది, 2018 మే 15న, మంటూరు సమీపంలో గాలివానకు లాంచీ మునిగి అనేకమంది గిరిజనులు మరణించారు. వారు పర్యాటకులు కారు. ఊరికి తిరిగి వెళ్తున్న మామూలు ప్రయాణికులు.

ఈ సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. నీటి మీద ప్రమాదాన్ని పూర్తిగా తొలగించడం ఎవరి వల్లా కాదు. కాని ప్రమాదం జరగడం వేరు, ప్రాణాలు పోవడం వేరు. ఈ రెండింటి మధ్య నాలుగు అంచెల రక్షణ ఉండాలి.

(అ) బయలుదేరే ముందు: నీటిమట్టం ఒక హద్దు దాటితే ప్రయాణం లేదని చెప్పే అధికారం, టికెట్టు సొమ్ముతో సంబంధం లేనివారి చేతిలో ఉండాలి.
(ఆ) నౌకలో: సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించకపోవడం, పై అంతస్తులో ఒకే వైపు గుమిగూడనివ్వకపోవడం, ప్రయాణం పొడవునా లైఫ్ జాకెట్ ఒంటి మీదే ఉండడం. ఎక్కేటప్పుడు తొడిగి, భోజనాల వేళకు తీసేసిన జాకెట్ ఎవరినీ కాపాడదు.
(ఇ) మార్గంలో: గండిలో సెల్‌ఫోన్ సంకేతాలు అందవు. కనుక రేడియో సంబంధం, తోడుగా మరో పడవ అవసరం.
(ఈ) ఒడ్డున: సహాయానికి తక్షణం రాగలవారు గట్టు మీది ఊళ్లవారే. వారికి శిక్షణ, పరికరాలు, తగిన వేతనం ఇవ్వడం దయ కాదు, రక్షణ వ్యవస్థలో భాగం.

కచ్చులూరు ప్రమాదం తరువాత బోట్లు నిలిపివేశారు. 2020లో రాష్ట్ర ప్రభుత్వం గండి పోచమ్మ, పేరంటాలపల్లి, పోచవరం, రాజమహేంద్రవరం మొదలైన తొమ్మిది చోట్ల కంట్రోల్ రూములు ఏర్పాటు చేసింది. 2021 చివరలో యాత్ర తిరిగి మొదలైంది. అదే ఏడాది పార్లమెంటు, 1917 నాటి పాత చట్టం స్థానంలో అంతర్దేశీయ నౌకల చట్టాన్ని ఆమోదించింది. నౌకల నమోదు, తనిఖీ, సిబ్బంది అర్హత పత్రాలు దీని పరిధిలోకి వస్తాయి. చట్టం ఎంత బాగున్నా, రేవులో నిలబడి ‘ఈ రోజు వద్దు’ అని చెప్పే మనిషి లేకపోతే అది కాగితమే.

మీ ప్రగతిని సరిచూసుకోండి – 2
3. గండిలో దిగువకు వచ్చే లాంచీని మలుపు తిప్పడం ఎందుకు కష్టం?
4. నాలుగు అంచెల రక్షణలో మీ దృష్టిలో అతి ముఖ్యమైనది ఏది? ఎందుకు?

8.6 వన్యప్రాణులు, ఒడ్డున ఉన్న మనుషులు

పాపికొండలు 1978లో అభయారణ్యంగా, 2008లో జాతీయ ఉద్యానవనంగా గుర్తింపు పొందాయి. దీని విస్తీర్ణం 1,012 చదరపు కిలోమీటర్లు. పులి, చిరుత, అడవిదున్న, ఎలుగుబంటి, కణుజు, చుక్కల దుప్పి ఇక్కడి అడవిలో ఉన్నాయి. అయితే లాంచీ మీద నుంచి పులి కనిపిస్తుందని ఆశించరాదు. కనిపించేవి కొంగలు, నీటికాకులు, లకుముకి పిట్టలు. పాటల మోత ఎక్కువైతే అవీ కనిపించవు. అంటార్కిటికా యాత్రా సంస్థలు 1991లో సంఘంగా ఏర్పడి, ఒక చోట ఒకేసారి వందమందికి మించి ఒడ్డుకు దిగరాదని నియమం పెట్టుకున్నాయి. ఇసుకతిన్నె మీద పలు లాంచీల జనం ఒక్కసారే దిగే మన పద్ధతితో దీనిని పోల్చి చూడండి.

ఈ కొండలు కొండరెడ్లకు, కోయలకు నివాసం. మానవశాస్త్రవేత్త క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ ఇక్కడి కొండరెడ్లను అధ్యయనం చేసి 1945లో ఒక గ్రంథం ప్రచురించాడు. పోడు సేద్యం, అటవీ ఫలసాయం, వెదురు పని వారి జీవనాధారాలు. రేవులో వెదురు బుట్టలు, బొమ్మలు అమ్మే మహిళకు యాత్రికుడు కొనుగోలుదారు. ఆమె మాత్రం అతనికి తరచు దృశ్యంలో ఒక భాగమే. ఇళ్లలోకి తొంగిచూడడం, అడగకుండా ఫోటోలు తీయడం పర్యాటక మర్యాద కాదు. యాత్ర ఆదాయంలో గ్రామానికి ఎంత చేరుతోంది అన్నదే బాధ్యతాయుత పర్యాటకానికి అసలైన కొలబద్ద.

8.7 నది చివర: కోరంగి

గోదావరి డెల్టాలోనే మరో చిన్న పడవల యాత్ర ఉంది. కాకినాడ సమీపంలోని కోరంగి అభయారణ్యం 235 చదరపు కిలోమీటర్ల మేర మడ అడవులతో విస్తరించింది. నీటిపిల్లి, నీటికుక్క ఇక్కడి ప్రత్యేక జంతువులు. హోప్ ఐలాండ్ ఇసుక తీరంలో ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి. పాపికొండలలో వరద ఎలా ప్రయాణాన్ని నిర్ణయిస్తుందో, కోరంగి పాయలలో సముద్రపు పోటు పాటులు అలా నిర్ణయిస్తాయి.

8.8 పోలవరం తరువాత

పోలవరం ప్రాజెక్టును 2014 నాటి పునర్విభజన చట్టం జాతీయ ప్రాజెక్టుగా ప్రకటించింది. పూర్తి నీటిమట్టం 45.72 మీటర్లు, నిల్వ సామర్థ్యం సుమారు 194 టీఎంసీలు. 2021లో నదీ ప్రవాహాన్ని స్పిల్‌వే వైపు మళ్లించారు. జలాశయం నిండితే గండిలోని నీరు నిలుస్తుంది. అంటే పాపికొండలు నిజంగానే ఫియోర్డ్ రూపానికి దగ్గరవుతాయి: మునిగిన లోయ, నిటారు కొండలు, లోతైన నిశ్చల జలం.

ఈ పోలిక ఇంతవరకే. ఫియోర్డ్ ఒడ్డున చెట్టు, జీవి, ఊరు వేల ఏళ్లుగా నీటి అంచుకు సర్దుకున్నాయి. జలాశయం ఏటా నిండి, ఏటా తగ్గుతుంది. ఆ రెండు మట్టాల మధ్య ఏదీ స్థిరంగా పెరగని బురద అంచు మిగులుతుంది. ఇసుకతిన్నెలు ఉండవు. పైగా నిర్వాసితులయ్యే కుటుంబాలు సుమారు లక్ష. వారిలో గిరిజనులు అధికం. డెల్టా రైతుకు నీటి భరోసా, ఎగువ గిరిజనుడికి ఊరి నష్టం ఒకే కట్టడం నుంచి వస్తున్నాయి. లాంచీలకు ఏడాదిలో ఎక్కువ రోజులు సురక్షిత జలం దొరకవచ్చు. కాని ఒడ్డున పడవతో పరుగెత్తుకువచ్చే ఊరు ఉండదు. రేపటి పర్యాటక ప్రణాళిక జవాబు చెప్పవలసిన ప్రశ్న ఇదే.

8.9 సారాంశం

ఫియోర్డ్ మంచు తొలిచిన, సముద్రం నింపిన లోయ. గండి నది కోసిన లోయ. ఇరుకులో నది వేగం పెరుగుతుంది కనుక పాపికొండల యాత్రకు నీటిమట్టమే మొదటి నిబంధన. ప్రమాదాన్ని ప్రాణనష్టంగా మారనివ్వకుండా ఆపేవి ముందస్తు నిర్ణయం, నౌకలో క్రమశిక్షణ, సమాచార సంబంధం, ఒడ్డున ఉన్న మనుషులు. ఆ మనుషుల భవిష్యత్తును విడిచిపెట్టి ఆ ప్రాంత పర్యాటకాన్ని చర్చించలేము.

8.10 ముఖ్య పదాలు

గండి: నది కొండలను కోయగా ఏర్పడిన ఇరుకు లోయ.
సరంగు: లాంచీ నడిపే ప్రధాన నావికుడు.
చుక్కాని: నౌక దిశను మార్చే సాధనం.
క్యూసెక్కు: సెకనుకు ఒక ఘనపుటడుగు ప్రవాహం.
నిర్వాసితులు: ప్రాజెక్టు కారణంగా నివాసం కోల్పోయినవారు.

8.11 మాదిరి పరీక్షా ప్రశ్నలు

I. క్రింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. పాపికొండల లాంచీ యాత్రలో భద్రతకు సంబంధించిన అంశాలను ఉదాహరణలతో విశ్లేషించండి.
2. పోలవరం జలాశయం వలన పాపికొండల ప్రాంత పర్యాటకంలో, ప్రజాజీవనంలో వచ్చే మార్పులను చర్చించండి.

II. క్రింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. ఫియోర్డ్, గండి మధ్య తేడాలు రాయండి.
2. నది వెడల్పు 400 మీటర్లు, సగటు లోతు 14 మీటర్లు, ప్రవాహం సెకనుకు 7,000 ఘనపు మీటర్లు అయితే నీటి వేగం ఎంత? గంటకు 12 కిలోమీటర్లు పోగల లాంచీ ఎగువకు ఎంత వేగంతో పోగలదు?