లేఖకుని మార్చుకొను స్వాతంత్ర్యము

అర్జీ వ్రాయుటకును, బేరపుటుత్తరము కూర్చుటకును, వ్యాసము దిద్దుకొనుటకును కృత్రిమమేధ నాశ్రయించువారు నేడు మహానగరములయందే కాక చిన్న పట్టణములయందును గలరు. నిజామాబాదు జిల్లా డిచ్‌పల్లిలో 2006వ సంవత్సరమున నెలకొన్న తెలంగాణ విశ్వవిద్యాలయపు విద్యార్థికిని, ఆ చుట్టుపట్ల పసుపు పండించు రైతునకును ఈ యంత్రలేఖకుడు చేతిలోని ఫోనునందే దొరకుచున్నాడు.

ఓపెన్‌ఏఐ సంస్థ 2022 నవంబరు 30వ తేదీన చాట్‌జీపీటీని వెలువరించెను. గూగుల్ సంస్థ 2023 జూలైలో తన బార్డునకు తెలుగు నేర్పి, 2024 ఫిబ్రవరిలో దానికి జెమినై యని పేరు మార్చెను. ఇట్లు లేఖకులు పెక్కుమంది యగుటచే ఒకనిని విడిచి వేరొకనిని చేరుట తరచు తటస్థించుచున్నది.

దీనిని చాపల్యమని త్రోసివేయరాదు. తెలుగువారి కిందు ప్రత్యేకకారణము గలదు. ఈ యంత్రములు వాక్యమును టోకెన్లనెడు తునుకలుగా ఖండించి చదువును. ఇంగ్లీషుమాటకు ఒకటి రెండు తునుకలు చాలుచుండగా, తెలుగుమాట పెక్కు తునుకలగుచుండెను. తునుకలు పెరిగినకొలది వ్యయమును, ఆలస్యమును పెరుగును. 2024 మే నెలలో జీపీటీ-4ఓ వెలువడినప్పుడు, పూర్వము 159 తునుకలైన యొక తెలుగు నమూనా 45కు తగ్గినదని ఆ సంస్థయే ప్రకటించెను. తన భాషను చౌకగాను చక్కగాను నిర్వహించు లేఖకుని వెదకికొనుట వివేకము.

అయినను విడిచిపోవుట సులభమా? నెలల తరబడి జరిపిన సంభాషణలు, మన శైలినిగూర్చి చెప్పిన సూచనలు, దిద్దించిన చిత్తుప్రతులు పాతలేఖకుని యొద్దనే యుండును. క్రొత్తవానికి సమస్తము మొదటినుండి చెప్పుకొనవలయును. ఈ శ్రమకు వెరచియే పలువురు అసంతృప్తితోనే పాతవానిని పట్టుకొని యుందురు.

మన రైతులలో కొందరు పసుపుకొమ్ములను ఉడికించి, ఎండబెట్టి, నిజామాబాదు మార్కెట్టున ధర నచ్చనియెడల మహారాష్ట్రమునందలి సాంగ్లీకి తరలింతురు. బస్తా తమదగుటచేతనే ఆ స్వాతంత్ర్యము. అడ్తిదారునొద్ద ముందుగా అప్పుగొన్నవాడు పైధర తెలిసియు కదలజాలడు. వ్రాతవిషయమునను నిట్లే. మన మాటల మూట మనచేత నున్నంతకాలమే బేరము మనది.

ఈ సూత్రము క్రొత్తది గాదు. ఫోను కంపెనీని మార్చినను నంబరు మారకుండు సౌకర్యము 2011 జనవరి 20వ తేదీన దేశమంతట అమలునకు వచ్చెను. ఐరోపా సమాజమునందు 2018 మే 25వ తేదీనుండి అమలునందున్న శాసనము, పౌరుడు తానిచ్చిన వివరములను తిరిగి గైకొని వేరొక సంస్థకు కొనిపోవు హక్కును గుర్తించినది. మనదేశమున 2019వ సంవత్సరపు ముసాయిదాలో నట్టి హక్కుండెను; 2023 ఆగస్టున ఆమోదము పొందిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టమున అది కానరాదు. సవరణకును తుడిపివేతకును అందు హక్కు గలదు గాని, మూటగట్టుకొని పోవుటకు లేదు. చాట్‌జీపీటీ, గూగుల్ వంటివి సంభాషణలను దింపుకొననిచ్చుచున్నవన్నది నిజమే. కాని యది వారి యనుగ్రహము. మన హక్కు గాదు.

చట్టము మారువరకు గృహస్థుడు చేయదగినది గలదు. మూలప్రతుల నెల్ల తన యొద్దనే దాచుకొనవలయును. మారుటకు ముందు పాత సంభాషణలను దింపుకొనవలయును. తన శైలినిగూర్చి యొక పుట స్వయముగా వ్రాసియుంచుకొన్నచో ఏ లేఖకునికైనను చూపవచ్చును. ఒకే యర్జీని ఇద్దరిచేతను వ్రాయించి, తెలుగును, పేర్లను, అంకెలను సరిచూడవలయును. ఈ యంత్రములు లేనిదానిని ఉన్నట్లు నిస్సంకోచముగా చెప్పగలవు. పిదప పాతదానిని తుడిపివేయుమని కోరవచ్చును.

2019వ సంవత్సరపు లోక్‌సభ ఎన్నికలలో నిజామాబాదు నియోజకవర్గమున 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు పసుపు బోర్డును, గిట్టుబాటు ధరను గోరిన రైతులు. 2025 జనవరి 14వ తేదీన జాతీయ పసుపు బోర్డు ఆ నిజామాబాదునందే ప్రారంభమయ్యెను. పంటకై అంత పట్టుదల చూపిన జిల్లావారు తమ వ్రాతకై తమ పార్లమెంటు సభ్యుని ఒక్క ప్రశ్న యడుగలేరా? నంబరునకు దక్కిన స్వాతంత్ర్యము మాటకేల దక్కరాదు?