పొదుగుకు కూర్చున్న పెట్టను లేపడమెలా?

నిన్నటిదాకా రోజు విడిచి రోజు గుడ్డు పెట్టిన కోడిపెట్ట ఉన్నట్టుండి గూడు వదలడం మానేస్తుంది. దగ్గరికి వెళితే ఈకలు ఉబ్బించి గుర్రుమంటుంది. చెయ్యి పెడితే పొడుస్తుంది. గుడ్లు తీసేసినా ఉత్త గడ్డి మీదే కూర్చుంటుంది. ఇంట్లో కోళ్లున్న మీరంతా దీన్ని చూసే ఉంటారు. “పెట్ట పొదుగుకు కూర్చుంది” అంటారు పెద్దలు.

పెట్ట ఇలా ఎందుకు చేస్తుంది? మొండితనమా? కానే కాదు. మెదడు అడుగున పీయూష గ్రంథి ఉంటుందని మీరు పాఠంలో చదువుకున్నారు కదా! అది ప్రొలాక్టిన్ అనే హార్మోనును రక్తంలోకి ఎక్కువగా వదలడమే దీనికి కారణం. పాలిచ్చే జంతువుల్లో పాలు తయారు కావడానికి తోడ్పడేది కూడా ఈ హార్మోనే. పెట్టలో ఇది పెరిగినప్పుడు అండాశయం కుంచించుకుపోయి గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. పొట్ట కింద ఈకలు రాలి, చర్మం వెచ్చగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది. గుడ్లకు 21 రోజులపాటు ఒంటివేడిని అందించేది ఈ బోడి చర్మమే.

ఇక్కడొక చిత్రం ఉంది. ఆ చర్మానికి గుడ్లు, గూడు తగులుతున్నకొద్దీ నరాల ద్వారా మెదడుకు కబురు వెళుతుంది. మెదడు మరింత ప్రొలాక్టిన్ వదిలిస్తుంది. హార్మోను ఉన్నందువల్ల పెట్ట కూర్చుంటుంది. కూర్చున్నందువల్ల హార్మోను పెరుగుతుంది. ఇదొక గొలుసు. స్పర్శ అనే ఒక్క లంకె తెగితే చాలు, గొలుసంతా ఊడిపోతుంది.

అసలు లేపడం ఎందుకు? పుంజు లేని ఇంట్లో పెట్టిన గుడ్లు ఎన్నాళ్లు పొదిగినా పిల్లలు కావు. పొదిగే పెట్ట రోజుకు ఏ ఒక్కసారో లేచి నాలుగు గింజలు తిని వస్తుంది. అందువల్ల చిక్కిపోతుంది. పుంజు ఉన్నా చలికాలంలో ఇంకో చిక్కు ఉంది. కొత్త పిల్లలకు మొదటి వారం దాదాపు 35 డిగ్రీల సెల్సియస్ వెచ్చదనం కావాలి. డిసెంబరు, జనవరి నెలల్లో అరకు, ఆదిలాబాదు వంటి చోట్ల తెల్లవారుజామున తల్లి రెక్కల కింది నుంచి బయటికొచ్చిన పిల్ల దక్కడం కష్టం.

పెట్టను నీళ్లలో ముంచితే పొదుగు మానుతుందని కొందరు ముంచుతారు. చలిలో ఇది చాలా ప్రమాదం. లెక్క వేసి చూడండి. ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. ఈకల్లో 50 గ్రాముల నీరు నిలిచిందనుకుందాం. 50 × 580 = 29,000 కేలరీలు. ఒక లీటరు నీటిని 29 డిగ్రీలు చల్లబరిస్తే వచ్చేంత వేడి ఇది! ఇందులో చాలా భాగం పెట్ట ఒంటి నుంచే పోవాలి. పైగా ఈకల మధ్య గాలి పొర ఉండడం వల్లనే కోడికి చలి ఆగుతుంది. తడిస్తే ఆ పొర పోతుంది. సరిగా మేయక చిక్కిన పెట్ట ఈ నష్టాన్ని ఎలా తట్టుకుంటుంది? తిండి మాన్పించడం, కాలు కట్టి ఉంచడం కూడా హింసే తప్ప ఉపాయం కాదు.

మరి ఏం చెయ్యాలి? స్పర్శను తెంచాలి, ఒంటివేడిని కాపాడాలి.

1. గుడ్లను ఎప్పటికప్పుడు తీసేయండి. గడ్డి తీసి, గూటికి తడిక అడ్డం పెట్టండి.

2. పగలు పెట్టను వెదురు బద్దల అడుగున్న పంజరంలో ఉంచండి. పంజరాన్ని ఇటుకల మీద ఎత్తి పెట్టండి. గడ్డి, గోనె వెయ్యకండి. పొట్టకు మెత్తగా, వెచ్చగా ఏదీ తగలకూడదు. వెలుతురు ఉండాలి, ఈదురుగాలి తగలకూడదు. లేత ఎండ పడే చోటయితే మరీ మంచిది.

3. గింజలు, నీళ్లు ఎప్పుడూ అందుబాటులో ఉంచండి.

4. పొద్దుగూకాక పంజరంలో వదలవద్దు. గాలి కొట్టని కొట్టంలో మిగతా కోళ్ల నడుమ కర్ర మీద ఎక్కించండి. పక్క కోళ్ల వెచ్చదనం దొరుకుతుంది. పొట్టకు మాత్రం గూడు తగలదు.

సాధారణంగా 3, 4 రోజుల్లో మార్పు కనిపిస్తుంది. అప్పుడు వదిలి చూడండి. తిన్నగా గూటివైపు పరుగెత్తిందా? ఇంకో రెండు రోజులు ఆగాలి. తోటి కోళ్లతో కలిసి నేల గీరుకుంటోందా? గొలుసు తెగిందన్నమాట! అండాశయం మళ్లీ పెరగాలి కనుక గుడ్డు పెట్టడానికి మరో రెండు వారాలో, ఇంకాస్త ఎక్కువో పట్టవచ్చు.

తరతరాలుగా ఏరి పెంచడం వల్ల వైట్ లెగ్‌హార్న్ జాతి పెట్టలు పొదుగుకు కూర్చోవడం అరుదు. నాటు పెట్టల్లో ఈ గుణం బలంగా ఉంది. ఎండలు ముదరకముందే, చలి తగ్గిన రోజుల్లో వాటిని పొదగనిస్తే మంచి తల్లులవుతాయి.

మీ ఇంటి పెట్ట పొదుగుకు కూర్చుంటే ఒక పట్టిక రాయండి: కూర్చున్న తేదీ, పంజరంలో పెట్టిన తేదీ, గూడు మరచిన తేదీ, తిరిగి గుడ్డు పెట్టిన తేదీ. నాలుగు ఇళ్ల పట్టికలు పోల్చి చూసి, తేడాలకు కారణమేమిటో ఆలోచించండి.